జీతం గీసిన సరిహద్దు: కోరంగి నుంచి కువైట్ దాకా

1

'జీతం' అన్న మాట సంస్కృతంలోని 'జీవితం' నుంచి పుట్టిందని మన నిఘంటుకారులు చెప్పారు. బతుకు గడవడానికి ఇచ్చేది జీతం అన్నమాట. గోదావరి డెల్టాలో ఈ మాటకు పక్కనే మరికొన్ని మాటలున్నాయి. ఏడాదికి కుదిరిన పాలేరుకు ఇచ్చేది జీతం. నాట్లకూ కోతలకూ వచ్చినవారికి ఇచ్చేది కూలి. కచేరీలో బల్ల ముందు కూర్చున్నవారికి ఇచ్చేది వేతనం. మూడూ శ్రమకు ప్రతిఫలమే. కాని ఆ మూడు మాటల వెనుక మూడు వర్గాలున్నాయి. సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు.

కాగా మన కాలంలో జీతానికి మరో పని పడింది. అది దేశాల తలుపులు తెరిచే తాళంచెవి అయింది. నైపుణ్యంగల కార్మికుడిగా బ్రిటన్‌కు వెళ్ళదలచినవాడికి 2025 జూలై నుంచి సాధారణంగా ఏడాదికి 41,700 పౌన్ల ఉద్యోగం చేతిలో ఉండాలి. కువైట్‌లో పనిచేసే పరదేశి తన భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే నెలకు 800 దినార్ల జీతం ఉండాలని 2024 జనవరిలో నిర్ణయించారు. అమెరికా హెచ్-1బి వీసాకు ప్రాంతాన్ని బట్టి, ఉద్యోగాన్ని బట్టి వేతనపు మెట్లున్నాయి. వెళ్ళేవాడు ఎవరు, ఏం చేయగలడు అన్న ప్రశ్నలన్నీ చివరికి ఒక అంకెలోకి కుదించుకుపోతున్నాయి.

ఈ జీతపు గీతను చరిత్రలో పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు గోదావరి డెల్టాను ఎన్నుకోవడానికి కారణం ఇది నేను పుట్టి, పాఠాలు చెప్పుకుంటున్న నేల కావడం ఒక్కటే కాదు. సముద్రం దాటి శ్రమను అమ్ముకోవడంలో ఈ నేలకు నూటయాభై ఏళ్ళకు పైబడిన అనుభవం ఉంది. అనుమతి అవసరం లేని వలసను, అనుమతికి ధర కట్టిన వలసను, చదువును బట్టి అనుమతించే వలసను, జీతాన్ని బట్టి అనుమతించే వలసను ఇది వరసగా చూసింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. జీతపు గీతకు రెండు స్వభావాలున్నాయి. ఇంత తక్కువ కాకుండా ఇచ్చి తీరాలని యజమానిని కట్టడి చేస్తే అది కార్మికుడి హక్కు. ఇంత తక్కువ వచ్చేవాడు రాకూడదని కార్మికుణ్ణి నిలవేస్తే అది గోడ. రెంటిలోనూ అంకె ఒకటే కావచ్చు. కాని భారం ఎవరి నెత్తిన పడుతున్నదన్నది అసలు ప్రశ్న. పాలకులు రెండోదాన్ని కడుతూ మొదటిదాని పేరు పెట్టడం మనం పదేపదే చూస్తాం.

2

కాకినాడకు దక్షిణంగా ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన దాన్ని ముంచేసింది. ఆ తర్వాత కాకినాడ పెరిగింది. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అనే పిలిచారు. ఇటు మనవాళ్ళు రంగూన్‌ను 'రంగం' చేసుకున్నారు. రెండు తీరాలూ ఒకదాని పేరును మరొకటి తమ నోటికి అనువుగా మార్చుకున్నాయంటే ఆ రాకపోకలు ఎంత దట్టమైనవో ఊహించుకోవచ్చు.

1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అదే 1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించారు. ఆనకట్టతో డెల్టాలో వరి విస్తరించింది. ఐరావతి డెల్టాలోనూ వరి విస్తరించింది. రెండూ ఒకే సామ్రాజ్యపు వరిపొలాలే. అయితే మన డెల్టాలో నీరు వచ్చినంత మాత్రాన భూమి అందరికీ రాలేదు. నీరు భూమి విలువ పెంచింది. భూమి లేనివాడి విలువ పెంచలేదు. కోతలు, నూర్పిళ్ళు అయ్యాక అతనికి ఊళ్ళో పని ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే రంగూన్ బియ్యం మిల్లులకూ, రేవుకూ చేతులు కావాలి. ఈ రెండు అవసరాల మధ్య మేస్త్రి నిలబడ్డాడు.

బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. అందుచేత కాకినాడలో ఓడ ఎక్కి రంగూన్‌లో దిగడం చట్టం దృష్టిలో విదేశీ ప్రయాణం కాదు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, జీతపు అర్హత అంతకన్నా లేదు. మరి ఇది స్వేచ్ఛా వలసేనా? మేస్త్రి ఊళ్ళో ముందు సొమ్ము ఇచ్చేవాడు. ఓడ డెక్కు టికెట్టు కొనేవాడు. రంగూన్‌లో పని అతని ద్వారానే, కూలి అతని చేతి మీదుగానే. ముందు సొమ్ము, టికెట్టు ఖర్చు, తిండి, అద్దె, మేస్త్రి వాటా అన్నీ విరగ్గోసుకున్నాకే మిగిలింది కూలీకి దక్కేది. 1931లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక, 1933లో ఇ.జె.ఎల్. ఆండ్రూ ప్రచురించిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' అన్న పుస్తకం ఈ పద్ధతినీ, కిక్కిరిసిన కూలీల బసలనూ వివరంగా నమోదు చేశాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆనాడు సర్కారు జీతపు గీత గీయలేదు. గీయవలసిన అవసరం దానికి లేదు. కూలి ఎంత చౌకగా ఉంటే మిల్లు యజమానికి అంత లాభం. తలుపు బార్లా తెరిచి ఉంచడానికీ, కార్మికుడికి కనీస కూలి లేకపోవడానికీ కారణం ఒక్కటే. సరిహద్దు కాగితం లేనిచోట అప్పు కాగితం ఆ పని చేసింది.

3

ఆ తెరిచిన తలుపు మూసుకోవడం 1930లో మొదలైంది. ప్రపంచ ఆర్థికమాంద్యం బియ్యం ధరను కూలదోసింది. ఆ ఏడాది మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కార్మికులు కూలి పెంచాలని సమ్మె చేశారు. ఓడ సరుకుల కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తెచ్చాయి. తర్వాత సమ్మె పరిష్కారమై తెలుగువారిని తిరిగి తీసుకుంటూ, మే 26న బర్మీయులను పొమ్మన్నాయి. రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కార్మికులు.

ఈ ఘటనను రెండు జాతుల కలహంగా చెప్పుకోవడం సులభం. కాని దాని మొదలు ఒక కూలి కోరికలో ఉంది. ఎక్కువ కూలి అడిగినవాణ్ణి తక్కువకు వచ్చేవాడితో కొట్టడం, అవసరం తీరాక వాడిని వీడితో కొట్టడం యజమాని యుక్తి. బర్మీయ కార్మికుడి ఆగ్రహానికి నిజమైన కారణం ఉంది. అతని నేల మీద అతనికి పని లేదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే. అయితే ఆ ఆగ్రహం తాకవలసిన చోటు కోరంగీ కూలీ బస కాదు, కూలి నిర్ణయించిన కంపెనీ కార్యాలయం.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. నిన్నటిదాకా ఒకే దేశమైన దారి మధ్యలో సరిహద్దు వచ్చి పడింది. 1938లో మళ్ళీ అల్లర్లు చెలరేగాయి. భారతీయుల వలసను పరిశీలించడానికి జేమ్స్ బాక్స్‌టర్‌ను నియమించారు. ఆయన నివేదిక ఆధారంగా 1941లో ఇండో-బర్మా వలస ఒప్పందం కుదిరింది. భారత ప్రభుత్వ పక్షాన సర్ గిరిజా శంకర్ బాజ్‌పాయ్ చర్చలు నడిపాడు. గడువు లేని నివాసానికి 'ఎ' పర్మిట్, పరిమిత కాలానికి 'బి' పర్మిట్, వాటికి రుసుములు. అప్పటికే అక్కడ ఉన్నవారిని నివాసకాలాన్ని బట్టి తరగతులుగా విడదీయడం ఇవీ దానిలోని ఏర్పాట్లు. నైపుణ్యం లేని కూలీల ప్రయాణాన్ని 1941 జూలైలోనే ఆపేశారు. గాంధీజీ ఈ ఒప్పందాన్ని బహిరంగంగా ఖండించాడు.

మన డెల్టా కూలీకి ఇది మొదటి పర్మిట్. దానికి ముందు డెబ్బై ఎనభై ఏళ్ళు అతని చౌకతనమే అతని అర్హత. 1941లో అదే చౌకతనం అతని నేరమైంది. అతనిలో ఏ మార్పూ లేదు. మారినది మార్కెట్టు, మారినది రాజకీయం. అతని శ్రమతో లాభపడిన మిల్లులను ఎవరూ తరగతులుగా విడదీయలేదు.

ఒప్పందం అమలుకు యుద్ధం వ్యవధి ఇవ్వలేదు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తర్వాతి నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు అడవుల మీదుగా, కొండల మీదుగా వెనక్కు నడిచారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. 1962లో సైనిక పాలన వచ్చి, 1964లో వ్యాపారాలను జాతీయం చేసిన తర్వాత మరో విడత జనం తిరిగి వచ్చారు. 'బర్మా కాందిశీకులు' అన్న మాట మన జిల్లాలలో అప్పుడే వాడుకలో స్థిరపడింది.

4

పర్మిట్లలో 'నైపుణ్యం' అన్న మాట ఎక్కడిది? దాన్ని కొంచెం తవ్వి చూద్దాం. 1922 భారత వలస చట్టం పనులను రెండుగా విభజించింది. వ్యవసాయం చేయడాన్ని నైపుణ్యం లేని పనిలో చేర్చింది. చేతివృత్తి, గుమాస్తాగిరీ, హోటలు సేవ, వీటితోపాటు ఇంటిపనిని కూడా నైపుణ్యపు పనుల జాబితాలో పెట్టింది. ఇవాళ ఇంటిపని అంటే నైపుణ్యం లేని పని అని ప్రతి కార్యాలయమూ అనుకుంటుంది. చీపురు మారలేదు, పొయ్యి మారింది కాని వంట మారలేదు. మారినది జాబితా. నైపుణ్యమన్నది చేతిలో ఉండే గుణంగా మనం అనుకుంటాం. చట్టంలో అది ఎవరికి తలుపు తీయాలో నిర్ణయించే పేరు మాత్రమే. మోకాటి లోతు బురదలో వంగి, తాడు కట్టినట్టు వరుస తప్పకుండా ఊడ్చే మన డెల్టా స్త్రీ నైపుణ్యం లేనిదని 1922లో రాశారు. రాసినవారిలో ఒక్కరైనా నారు పట్టి ఎరుగుదురా?

అదే చట్టం మరో పని కూడా చేసింది. దాని నీడలో మలయా, సిలోన్ తోటల కూలీల రేట్ల మీద భారత ప్రభుత్వం మాట్లాడగలిగింది. సిలోన్‌లో భారతీయ కూలీలకు 1927లో కనీస వేతనాల శాసనం వచ్చింది. మలయాలో రోజుకూలికి ప్రామాణిక రేటు ఏర్పడింది. 1938లో మలయా తోటల యజమానులు కూలి తగ్గించినప్పుడు, సాయంతో జరిగే కూలీల వలసను భారత ప్రభుత్వం ఆ ఏడాది జూన్‌లో నిలిపివేసింది. వలస ప్రభుత్వం కూలీ మీద ప్రేమతో ఇది చేసిందని అనుకోనక్కరలేదు. దేశంలో జాతీయోద్యమం, పత్రికలు, కేంద్ర శాసనసభ దాన్ని ఒత్తిడి చేశాయి. ఏమైనా జీతపు గీత యజమానికి ఎదురుగా నిలబడిన సందర్భం ఇది. అటువంటి గీత సాధ్యమేనని ఇది చూపింది.

స్వాతంత్ర్యం తర్వాత కూడా 1922 చట్టమే దీర్ఘకాలం నడిచింది. గల్ఫ్‌లో చమురు డబ్బు పెరిగి లక్షలాదిమంది వెళ్ళడం మొదలయ్యాక 1983లో కొత్త వలస చట్టం వచ్చింది. కొన్ని దేశాలకు పనికి వెళ్ళేవారు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. ఈ దేశాలు ప్రస్తుతం పద్దెనిమిది. గల్ఫ్ దేశాలన్నీ అందులో ఉన్నాయి. అయితే ఎవరికి అనుమతి కావాలి, ఎవరికి అక్కరలేదు? పదో తరగతి ప్యాసైనవారికి అక్కరలేదు. ఆదాయపు పన్ను కట్టేవారికి అక్కరలేదు. అంటే మన ప్రభుత్వమూ ఒక చదువు గీత, ఒక ఆదాయపు గీత గీసింది.

పదో తరగతి పిల్లలకు తెలుగు చెప్పేవాడిగా ఈ నిబంధన నన్ను ఎంతగానో ఆలోచింపజేసింది. మా పాఠశాల నుంచి వెళ్ళే మార్కుల జాబితా ఒక పిల్లకు పై చదువు తలుపు తీస్తుంది, మంచిదే. కాని చదువు సాగక, పెళ్ళై, అప్పులపాలై, ఆ పిల్ల కువైట్‌కు ప్రయాణమైనప్పుడు అదే కాగితం ఆమెను సంరక్షణాధికారి పరిశీలన నుంచి తప్పిస్తుంది. ఆమె ఒప్పంద పత్రం ఎవరూ చూడరు. ఆమె జీతం కనీసానికి తక్కువో ఎక్కువో ఎవరూ అడగరు. పదో తరగతి తప్పిన ఆమె అక్కకు మాత్రం ముప్పై ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి, పత్రాలన్నీ సరిచూడాలి. ఆ కట్టుబాట్లకు జడిసి ఆమె విజిట్ వీసా మీద దొడ్డిదారిన వెళ్తుంది. చదివినామె రక్షణ పరిధి బయట, చదవనామె రక్షణకు భయపడి బయట. ఇద్దరూ చేరేది ఒకే వంటింటికి. వలసవెళ్ళే పదో తరగతివారంతా ముందుగా పేరు నమోదు చేసుకోవాలని 2018 నవంబరులో ఒక సూచన వెలువడింది. ఆ నెలలోనే దాన్ని పక్కన పెట్టారు.

5

అనుమతి అవసరమైనవారికి 2014లో ప్రభుత్వం ఒక్కో దేశానికీ కనీస సిఫారసు వేతనాలు నిర్ణయించింది. ఇవి ముందు చెప్పిన మొదటి రకం గీతలు. యజమాని ఇంతకన్న తక్కువ రాస్తే ఒప్పందానికి అనుమతి లేదు. కాని 2020 సెప్టెంబరులో, కరోనాతో గల్ఫ్‌లో పనులు ఊడిపోతున్న వేళ, కేంద్ర ప్రభుత్వమే వీటిని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. బహ్రెయిన్, ఒమన్, ఖతార్, యు.ఎ.ఇ.లకు నెలకు 200 డాలర్లు, కువైట్‌కు 245, సౌదీకి 324 డాలర్లు అన్నది. మనవాళ్ళ ఉద్యోగాలు కాపాడడానికే తగ్గించామన్నది సమర్థన. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. కార్మిక సంఘాలు ఎదిరించాయి. 2021 జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వులను ఉపసంహరించుకుంది.

ఈ పది నెలల కథ చిన్నది కాదు. ఎక్కువ అడిగితే పని పోతుందన్న వాదం 1930లో రంగూన్ రేవు కంపెనీలది. తొంభై ఏళ్ళ తర్వాత ఆ వాదాన్ని కార్మికుల సొంత ప్రభుత్వం వినిపించింది. దాన్ని వెనక్కు తిప్పినది కార్మికుల పక్షాన అడిగినవారు ఉండడం. అడిగేవారు లేకపోతే కనీసమన్న మాటకు అడుగు ఉండదు.

ఇప్పుడు కువైట్ వైపు నుంచి చూద్దాం. అక్కడి 2010 ప్రైవేటు రంగ కార్మిక చట్టం ఇంటిపనివారిని తన పరిధి నుంచి మినహాయించింది. వారికోసం 2015లో వేరే చట్టం తెచ్చారు. 2016లో వారి కనీస జీతం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు. ప్రైవేటు రంగంలోని ఇతర కార్మికులకు 2017లో 75 దినార్లన్నారు. ఇక కుటుంబాన్ని తెచ్చుకోవడానికి కావలసిన జీతం 2016లో 250 దినార్ల నుంచి 450కి, 2019లో 500కు, 2024 జనవరిలో 800కు పెరిగింది. కొన్ని వృత్తులకు మినహాయింపులున్నాయి గాని, గీత పెరిగే దిక్కు మాత్రం ఒక్కటే.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టండి: 60, 800. మొదటిది ఆమెకు ఇవ్వవలసింది. రెండోది తన బిడ్డలతో కలిసి బతకడానికి మనిషికి ఉండవలసింది. మొదటిది హక్కు, అందుకని అది కింద ఉంది. రెండోది గోడ, అందుకని అది పైన ఉంది. ఆమె పదమూడు నెలలు పైసా ఖర్చు పెట్టకుండా కూడబెట్టినా ఆ ఒక్క నెల జీతపు అర్హతకు చేరదు. ఇంకొకరి బిడ్డలను ఎత్తుకు పెంచడానికి ఆమెకు అనుమతి ఉంది. సొంత బిడ్డను ఎత్తుకోవడానికి అర్హత లేదు. మా తరగతిలో అమ్మ గురించి వ్యాసం రాయమంటే కొందరు పిల్లలు ఫోనులో వినిపించే గొంతు గురించి రాస్తారు.

ఈ స్త్రీలు ఎవరు? కోనసీమ, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలోని వ్యవసాయ కూలీ కుటుంబాలవారు, ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. వారిలో కొందరి తల్లులూ, అమ్మమ్మలూ లేసు అల్లినవారు. నరసాపురం లేసు పరిశ్రమ మీద జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించింది. లక్షల రూపాయల ఎగుమతికి ఆధారమైన ఆ స్త్రీలను 'గృహిణులు' అనీ, వారి పనిని తీరిక వేళ కాలక్షేపమనీ పిలవడంవల్లనే వారి కూలిని అంత అడుగున తొక్కిపెట్టగలిగారని ఆమె చూపింది. ఇంట్లో చేస్తే పని కాదు. కువైట్‌లో వేరొకరి ఇంట్లో చేస్తే నైపుణ్యం లేని పని. రెండుచోట్లా పేరే ముందు పుట్టింది, ఆ పేరును బట్టి కూలి పడింది.

దీనిలో ఒక చక్రం ఉంది. ఈ పనికి తక్కువ జీతమెందుకు? నైపుణ్యం లేదు కనుక. నైపుణ్యం లేదని ఎలా తెలిసింది? జీతం తక్కువ కనుక. జీతాన్ని నైపుణ్యానికి కొలబద్దగా పెట్టిన ప్రతి వీసా చట్టమూ ఈ చక్రంలోనే తిరుగుతుంది.

6

డెల్టాలోనే మరో వలస ఉంది. హరితవిప్లవం తర్వాత వరిలో మిగులు చూసిన రైతు కుటుంబాలు ఆ మిగులును ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో పెట్టుబడి పెట్టాయి. ఆ పిల్లలు అమెరికా వెళ్ళారు. ఒకే ఊరి కాలువకు ఆ గట్టున అమెరికా, ఈ గట్టున కువైట్. భూమి ఉన్నవాడి కొడుక్కు హెచ్-1బి, ఆ భూమిలో ఊడ్చినామె కూతురికి ఇంటిపని వీసా. భూమి పంపకం వీసాల పంపకంగా మారింది.

అయితే హెచ్-1బి ఉద్యోగి జీతపు గీతకు అతీతుడని భ్రమపడరాదు. 1990 చట్టం ప్రకారం యజమాని తన ఉద్యోగులకిచ్చే వేతనం, ఆ ప్రాంతంలో నడిచే వేతనం ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. మాట బాగుంది; మొదటి రకం గీత. కాని 2004 చట్టంతో ఏర్పడిన నాలుగు మెట్లలో అట్టడుగు మెట్టును, ఆ పని చేసే వందమందిలో పదిహేడోవాడి జీతం దగ్గర పెట్టారు. తక్కినవారిలో అత్యధికులు అంతకన్న ఎక్కువ తీసుకుంటున్నవారే. నడమ కన్సల్టెన్సీ నిలబడి తన వాటా తీసుకుంటుంది. వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది కనుక పని పోతే నివాసమూ పోతుంది. తక్కువ ఇచ్చారని ఫిర్యాదు చేసేవాడు ముందు తన సూట్‌కేసు వైపు చూసుకోవాలి. ఇంగ్లీషు పేర్లు తీసేస్తే ఇందులో మన పాత మేస్త్రి కనిపించడా?

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. బ్రిటన్ తన జీతపు అర్హతను 2024 ఏప్రిల్‌లో 26,200 పౌన్ల నుంచి 38,700కు, 2025 జూలైలో 41,700కు పెంచింది. ఆ జూలైలోనే వృద్ధులను చూసుకునే పనికి విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడం ఆపేసింది. కరోనా కాలంలో వీధుల్లో నిలబడి చప్పట్లు కొట్టింది ఇలాంటి పనివారికే. బ్రిటన్‌లో స్థిరపడినవారు భార్యనో భర్తనో తెచ్చుకోవడానికి 2012లో 18,600 పౌన్ల ఆదాయం కావాలన్నారు. 2024లో దాన్ని 29,000 చేశారు. ప్రజాస్వామ్య దేశంలోనైనా, అమీరు పాలించే దేశంలోనైనా సంసారానికి జీతపు రసీదు అడగడంలో తేడా లేదు.

7

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. జీతపు గీత లేకపోతే యజమానులు చౌక కార్మికులను దింపి స్థానిక కార్మికుల కూలిని కూలదోస్తారు కదా, 1930 రంగూన్ దానికే సాక్ష్యం కదా అని. ఇది తోసిపుచ్చవలసిన వాదం కాదు. కార్మికోద్యమం పుట్టినదే ఈ భయంలో. కాని రంగూన్ సాక్ష్యాన్ని పూర్తిగా చదవాలి. అక్కడ కూలిని తొక్కిపెట్టినది కోరంగీల రాక కాదు. మేస్త్రికి కట్టుబడి, అప్పులో మునిగి, పని మారే స్వేచ్ఛ లేనివాడుగా వారు రావడం. ఆ ముడి తెంపి ఉంటే, ఒకే పనికి ఒకే కూలి అని ఇద్దరినీ ఒక సంఘంలో నిలిపి ఉంటే, యజమాని చేతిలో ఆయుధం ఉండేది కాదు. 1941 ఒప్పందం ఆ ముడిని ముట్టుకోలేదు; మనిషిని ఆపింది.

కనుక ఏ జీతపు గీతనైనా మనం మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. అంతకు తక్కువ ఇచ్చినప్పుడు శిక్ష యజమానికా, కార్మికుడికా? అంతకు తక్కువ అందినవాడు వీసా పోగొట్టుకోకుండా ఫిర్యాదు చేయగలడా, వేరే పనికి మారగలడా? ఆ అంకె నిర్ణయించేటప్పుడు ఆ పని చేసేవాళ్ళ గొంతు అక్కడ ఉందా? మూడింటికీ మంచి జవాబు వస్తే ఆ గీత హక్కు. లేకపోతే అది ఎంత పెద్ద అంకె అయినా గోడే. 1983 చట్టం స్థానంలో తేదలచిన కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో ప్రజల ముందుకు తెచ్చింది. దాన్ని చదవవలసిన పద్ధతి కూడా ఇదే.

సాహిత్యపరులకు ఇందులో ఏం పని అని అడగవచ్చు. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం వెలువడింది. మొగల్తూరు కుర్రాడు సముద్రం దాటిన కథ అది. దాన్ని చదివి మూడు తరాలు హాయిగా నవ్వుకున్నాం; నేటికీ తరగతిలో ఆ పేరెత్తితే పిల్లల ముఖాలు విప్పారుతాయి. అది గొప్ప పుస్తకం. అయితే పార్వతీశం ఇంటి సొమ్ము ఖర్చు పెట్టడానికి వెళ్ళినవాడు. అదే సంవత్సరాలలో అదే జిల్లాల నుంచి సొమ్ము సంపాదించడానికి కాకినాడ రేవులో డెక్కు ఎక్కినవారు వేలమంది. ఖర్చుపెట్టేవాడి ప్రయాణం మన పాఠ్యపుస్తకాలలో చేరింది. సంపాదించేవాడి ప్రయాణం 'రంగం పోయాడు' అన్న రెండు మాటలలో ముగిసిపోయింది. ఈనాడు అమెరికా జీవితం మీద మన కథకు కొదవ లేదు. ఆ కథలు రాయగలిగినవారి చేతిలో కలముంది, తీరిక ఉంది. నెలకు అరవై దినార్ల మనిషికి రెండూ లేవు. మన సాహిత్యంలోనూ ఒక జీతపు గీత ఉన్నదన్నమాట.

దాన్ని చెరపడం ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేని పని. విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసాలకు అంశాలు వెతుక్కుంటుంటారు. కోనసీమ స్త్రీల నోటి మాటలు, బర్మా కాందిశీకుల ఇళ్ళలో మిగిలిన జ్ఞాపకాలు, ఏజెంటు రాసిచ్చిన అప్పు కాగితాలు, ఫోనులలో దాచుకున్న గొంతులు ఇంకా సేకరించవలసే ఉన్నాయి. చెప్పేవాళ్ళు వయసు మీదపడి వెళ్ళిపోతున్నారు. కథకులు ఈ స్త్రీని కన్నీళ్ళ బొమ్మగా చేయకుండా, పని తెలిసిన మనిషిగా, లెక్క తెలిసిన మనిషిగా చిత్రించాలి. అరబ్బీ మాట్లాడటం మూడు నెలల్లో నేర్చుకుని, పరాయి ఇంటి ముసలివాళ్ళ రోగాలు చూసి, ఇక్కడి ఇంటి అప్పును వడ్డీతో సహా తీర్చినామెను నైపుణ్యం లేని కార్మికురాలని పిలిచే చట్టం ముందు, ఆమె చేసే పనిని పూర్తిగా, తప్పుల్లేకుండా వర్ణించిన ఒక పేజీ కూడా సాక్ష్యమే. ఆ సాక్ష్యం రాయవలసినవాళ్ళం మనం.